వాపసు వచ్చిన పీసు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ల సంఘం పెద్ద మనోహర్ అన్నకు, వేదిక మీది పెద్దలకు, షట్టర్లు దించి మరీ వచ్చిన తోటి మెకానిక్‌లకు, భోజనాల వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్న అక్కలకు, అన్నలకు, ఈరోజు జగిత్యాలలో తన షాపు శాశ్వతంగా మూసేసి మన సన్మానం అందుకుంటున్న సాంబయ్య గారికి, కోరుట్ల నుంచి వచ్చిన కల్పన నమస్కారాలు. నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే కాబట్టి ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తాను. నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాలుగూ మంచివే వస్తాయని మాట ఇవ్వలేను. నా సంగతి తెలిసి కూడా మైకు ఇచ్చారు, ఆ తప్పు మీది. (నవ్వులు)

ఇందాక షీల్డ్ మీద ఉన్నది చదివి వినిపించారు. 'ముప్పై ఏళ్లలో ఒక్క పీసు కూడా వాపసు రాని మెకానిక్' అని. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న రాధికక్క మోచేత్తో పొడిచినా నేను కొట్టలేదు. రిపేరు చేసి ఇచ్చిన పీసు వాపసు రాకపోతే అది బాగైనట్టేనని మనకు ఎవరు చెప్పారు? విసిగిపోయిన కస్టమర్ అటక మీద పడేసిన పీసు కూడా వాపసు రాదు. ఉస్తాద్ దగ్గరికి వాపసు వచ్చింది, ఒకే పీసు మళ్లీ మళ్లీ వచ్చింది, ఆ సంగతి ఈ హాల్లో సగం మందికి తెలుసు. తెలిసీ ఈ మాట చెక్కించారంటే నాకు ఒళ్లు మండుతోంది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. సిరిసిల్లలో మార్కండేయులు గారని, ఇంటి వెనకాల సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపిస్తారు. వాళ్ల అబ్బాయి అజయ్‌కు చిన్నప్పటి నుంచి ఎడమ చేతికి పట్టు లేదు. చేతుల్లో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ ఉంటుంది కదా, దాని ఎడమ వైపు బటన్లు అతనికి అందవు. తండ్రి ఏం చేశాడంటే, పాత చేనేత మగ్గానికి ఉండే తొక్కుడు చెక్కల్లాంటివి చిన్నవి రెండు చేయించి, "బటన్ల పని కాళ్లతోటి అయ్యేటట్టు చేస్తవా సాంబన్నా" అని జగిత్యాలకు తీసుకొచ్చాడు. ఉస్తాద్ కన్సోల్ విప్పి, బటన్ల కింద బోర్డు మీద సన్న వైర్లు సోల్డర్ చేసి, పక్కన ఒక సాకెట్ పెట్టి, ఆ చెక్కలకు కలిపాడు. కన్సోల్ బల్ల మీద ఉంటుంది, కుడి వేళ్లు బటన్ల మీద, కాళ్లు చెక్కల మీద. అజయ్ కాళ్లతో ఆటలో మనిషిని ఎడమకు ఉరికించి కుడిచేత్తో గోల్ కొట్టిన రోజు నేను ఆ షాపులోనే ఉన్నాను. స్పేర్ల కోసం వెళ్లి, స్పేర్లు మరిచిపోయి కోరుట్ల బస్సెక్కాను.

వారం తిరగకుండా పీసు వాపసు వచ్చింది. ఆటలో ఉండగా కాలి చెక్కలు పనిచెయ్యవు, కాసేపటికి వాటంతటవే పనిచేస్తాయి. వచ్చిపోయే కంప్లైంట్ ఎంత పాడుదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, మన టేబుల్ మీద అది పెళ్లిచూపుల పిల్లలా బుద్ధిగా ఉంటుంది. ఉస్తాద్ చెక్కల వైరు మార్చాడు, మళ్లీ వచ్చింది. సాకెట్ మార్చాడు, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఒక్కో అతుకును వేలితో నొక్కి చూశాడు. షాపులో ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడే సంఘం పెద్దలు ఒకరు షాపుకు వచ్చి, అజయ్, నేను అక్కడే నిలబడి ఉండగా ఏమన్నారంటే, "చేతికి పట్టు లేని పోరడు, ఏడనో కింద పడేస్తుండు, నీ మీదికి తోస్తుండు. మంచిగనే ఉందని చెప్పి పంపియ్యరాదు." ఆ పెద్దలెవరో పేరు చెప్పను. మనోహర్ అన్నా, నీళ్లు తాగండి, ఇంకా ఉంది. (నవ్వులు)

నవ్వకండి. ఆ మాట విని అజయ్ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. తండ్రి మొహం దించుకుని, "ఇగ చాలు సాంబన్నా, అటక మీద పెడత" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మనకు తప్పు దొరక్కపోతే కస్టమర్ చేతిలో ఉందంటాం. నేనూ విన్నాను, మీరూ విన్నారు, ఇది మన బజార్లో రోజూ వినే మాటే.

ఉస్తాద్ మాత్రం "పిలగాడు అబద్ధం ఎందుకాడుతడు, పోయి చూద్దాం పా" అని నన్నూ వెంటబెట్టుకుని సిరిసిల్ల బయల్దేరాడు. మేం వెళ్లేసరికి కరెంటు లేదు, సాంచాలు ఆగి ఉన్నాయి. కన్సోల్‌కు బ్యాటరీ ఉంటుంది కదా, అజయ్ ఆడుతూనే ఉన్నాడు, ఎక్కడా ఆగలేదు. మార్కండేయులు గారు కొడుకు వైపు చూసిన చూపు నేను చూడలేకపోయాను.

ఇంతలో కరెంటు వచ్చింది. గోడ అవతల సాంచాలు మొదలయ్యాయి. చెవిలో అరిస్తే తప్ప మాట వినపడదు. అజయ్ నానమ్మ ముత్తమ్మ గారు గోడ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బల్ల మీది స్టీలు గ్లాసు మెల్లగా అంచుకు జరుగుతోంది, ఆమె మాట్లాడుతూనే, దాని వైపు చూడకుండానే వెనక్కి తోస్తున్నారు. అది మళ్లీ జరుగుతోంది, ఆమె మళ్లీ తోస్తున్నారు. "గ్లాసు ఎందుకు జరుగుతుందమ్మా?" అని ఉస్తాద్ అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. "గ్లాసన్నంక జరగదా?" అన్నారు. (నవ్వులు)

కన్సోల్ కూడా అదే బల్ల మీద ఉంది. అజయ్ తొక్కుతున్నాడు, ఆటలో మనిషి కదలడం లేదు. ఉస్తాద్ దాన్ని ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆడింది. మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఆగింది. పుట్టినప్పటి నుంచి ఆ అదురులో బతికేవాళ్లు ఇల్లు అదురుతోందని మనకు ఎందుకు చెబుతారు? మనం మాత్రం వాళ్లను ఎప్పుడు అడిగాం?

అక్కడే విప్పి చూశాడు. ఒక వైరు బిగుతుగా లాగినట్టు ఉంది, దాని అతుకు పైన మెరుస్తోంది కానీ కింద బోర్డును పట్టుకోలేదు. షాపులో వేలితో నొక్కినప్పుడల్లా అది అంటుకునేది, అందుకే ఎన్నిసార్లు చూసినా మంచిగానే కనిపించింది. సూదితో కదిపితే పాలపన్నులా ఊగింది. ఉస్తాద్ కళ్లద్దాలు తీసి, ఇంట్లో అందరికీ వినపడేటట్టు, సాంచాల చప్పుడుకు మించి చెప్పాడు. "నీ చేతిల తప్పు లేదు కొడుకా. నా చేతిల ఉన్నది."



పాత సోల్డర్ తీసేసి, శుభ్రం చేసి, మళ్లీ అతికించి, ఈసారి వైరును కొంచెం వదులుగా వదిలాడు. ఆ తర్వాత అది ఆగలేదు. కథ అక్కడితో అయిపోతే నాకింత కోపం ఉండేది కాదు. వచ్చాక మన సంఘం మీటింగులో లేచి, ఉస్తాద్ ఇదంతా తనే చెప్పాడు. సిరిసిల్లకు పోయే పీసు అయితే వైరు వదులుగా వదలండి, అతుకును నొక్కి కాదు, లేపి చూడండి అని మన మంచికే చెప్పాడు. మనం ఏం నేర్చుకున్నాం? "సాంబయ్య చెయ్యి పోయింది, ఆయనే ఒప్పుకున్నడు" అని కస్టమర్లకు చెప్పడం నేర్చుకున్నాం. బుగ్గారం నుంచి, సారంగాపూర్ నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లను బస్టాండు దగ్గరే ఆపి మన షాపుల్లోకి పిలుచుకున్నాం. ఆయన వయసైపోయి షట్టర్ దించడం లేదు. మనం దింపించాం. దింపించి, శాలువా తెచ్చి, ఒక్క పీసూ వాపసు రాలేదని అబద్ధం చెక్కించి, భోజనాలు పెడుతున్నాం. తప్పు ఒప్పుకున్న మనిషికి తప్పే చెయ్యలేదని బిరుదు ఇవ్వడం కంటే అవమానం ఇంకేముంటుంది?

మొన్న ఉస్తాద్ ఇంటికి వెళ్లి, కోరుట్లలో నా షాపులో కూర్చోమని అడిగాను. "నీ షాపుల వాపసులు అస్తయా?" అన్నాడు. "మస్తు అస్తయి ఉస్తాద్" అన్నాను. "గట్లయితే అస్త" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు) మీ వీడ్కోలు మీరు చేసుకోండి, నేను మాత్రం ఆయన్ని పంపడానికి రాలేదు, తీసుకుపోవడానికి వచ్చాను.

చివరగా ఒక్క మాట. షీల్డ్ ఇవ్వడం ఆపండి, ఆ మాట చెరిపించి కోరుట్లకు పంపండి. శాలువా మాత్రం ఇప్పుడే కప్పుదాం. అజయ్ మూడో వరసలో ఉన్నాడు. రా నాయనా, పైకి రా. ఒక కొస నువ్వు పట్టుకో, ఎడమ చేతి మీదే వేసుకో. రెండో కొస మనోహర్ అన్న పట్టుకుంటారు. మెల్లగా కప్పండి. ఒకవేళ జారితే అన్నా, ఎవరి చేతిలో తప్పుందో ఈసారి చూసి చెప్పండి. ఓపికగా విన్న అందరికీ ధన్యవాదాలు. నాకిక సెలవు.