కురోసె గారి తద్దినం

సభకు అధ్యక్షత వహించిన పోస్టల్ ఇన్‌స్పెక్టరు ప్రకాశరావు గారికి, గుడివాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన యూనియన్ కార్యదర్శి ఇస్సాకు గారికి, మొదటి వరుసలో కూర్చున్న మా వెంకట్రామయ్య బాబాయికి, ఆయన పక్కనే ఉన్న పురోహితులు లక్ష్మీపతి శాస్త్రి గారికి, ఇన్నాళ్ళూ నా సైకిలు బెల్లు విని గుమ్మంలోకి వచ్చిన ఊరివాళ్ళందరికీ మీ పోస్టుమాన్ అమానుల్లా నమస్కారాలు.

ఇందాక మాట్లాడిన పెద్దలు, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఒక్క ఉత్తరం కూడా ఆపలేదని చెప్పి శాలువా కప్పారు. శాలువా ఉంచుకుంటాను గానీ ఆ మాట ఉంచుకోలేను. ఒకటి ఆపాను. (నవ్వులు) మీరు నవ్వకండి ఇన్‌స్పెక్టరు గారూ, రేపు ఎంక్వయిరీ చెయ్యాల్సింది మీరే.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలంటే జపాను నౌకాదళంలో కమాండరు కురోసె గారి సంగతి చెప్పాలి. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, ఇన్‌స్పెక్టరు గారు కొత్త కనక చెబుతున్నాను. నలభై రెండులో మా బాబాయి ఇంగ్లీషువాళ్ళ సరుకు ఓడలో బాయిలరుకు బొగ్గు వేసే పనిలో ఉండగా ఆ ఓడను జపానువాళ్ళు ముంచేశారు. ఒక పగలూ ఒక రాత్రీ నూనె తేలే సముద్రంలో చెక్క పట్టుకుని వేళ్ళాడాక, పొద్దున్నే ఒక జపాను యుద్ధనౌక వచ్చింది. ఇక కాల్చేస్తారని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఓడ ఆగి ఉంది, నిచ్చెనలు దిగుతున్నాయి. సబ్‌మెరైన్లు తిరిగే చోట ఓడ ఆపితే అందరం పోతామని కిందివాళ్ళు గోలపెట్టారట. కురోసె గారు లావుపాటి మనిషి, నింపాది మనిషి. "నీళ్ళలో పడ్డవాడు ఎవరితో యుద్ధం చేస్తాడు, ముందు పైకి తీయండి" అన్నారట. నిచ్చెన ఎక్కలేని వాళ్ళ కోసం తన నావికుల్నే నీళ్ళలోకి దింపి, ఒంటి నూనె తుడిపించి, తన చొక్కా ఒకటి తెచ్చి మా బాబాయికి తొడిగారు. అందులో ఇద్దరు బాబాయిలు పట్టేవారు. (నవ్వులు)

తర్వాత అన్నం, ఊరవేసిన ముల్లంగి పెట్టారు. ప్రాణాలతో బయటపడ్డ మనిషి చేతులెత్తి దండం పెట్టాలా వద్దా? మా బాబాయి మిరపకాయ ఉందా అని అడిగాడు. (నవ్వులు) సైగలతో అడిగాడట, ఆ సైగ ఎలా చేశాడో ఈనాటికీ చెప్పడు. కమాండరు గారు వంటవాణ్ణి పిలిపించి ఓడంతా వెతికించారు. దొరకలేదు. దొరకలేదని నడుం వంచి క్షమాపణ చెప్పారు. బాయిలరు కూలీకి ఓడ కమాండరు క్షమాపణ చెప్పడం నేను ఇంకెక్కడా వినలేదు, మా డిపార్టుమెంటులో అసలు వినలేదు. అప్పుడే తన పుస్తకం తెరిచి బాబాయిని అడిగి పేరూ ఊరూ రాసుకున్నారు.

యుద్ధం అయ్యాక బాబాయి జపాను ఖైదు నుంచి ఇంటికి చేరాడు. బందరు రేవులో ఎవరో కురోసె గారి ఓడ మునిగిపోయిందన్నారు. ఓడ మునిగితే కమాండరు కూడా దాంతోనే పోతాడన్నారు. బాబాయి మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు శాస్త్రి గారి దగ్గరికి వెళ్ళి, "ఆయనకి పిల్లలున్నారో లేదో తెలీదండీ, తద్దినం నేను పెడతాను" అన్నాడు. తిథి తెలియదు కనక మహాలయ అమావాస్య, గోత్రం తెలియదు కనక కాశ్యపస గోత్రం, యుద్ధం చేసినవారు కనక వర్మ. అలా శాస్త్రి గారి చేతుల్లో కురోసె వర్మ గారు తయారయ్యారు. ఆయన చేప తినేవారు, చేప వండాలని బాబాయి, తన కంఠంలో ప్రాణముండగా వీల్లేదని శాస్త్రి గారు. చివరికి విస్తట్లో నాలుగు పచ్చిమిరపకాయలు పెట్టడంతో రాజీ కుదిరింది. "ఆ రోజు పాపం వెతికినా దొరకలేదు, ఇప్పుడన్నా తీసుకెళ్తారు" అంటాడు బాబాయి.

ఎనభై ఆరులో, సరిగ్గా మహాలయ అమావాస్య నాడు, జపాను నుంచి మంచుకొండ బొమ్మ ఉన్న కార్డు వచ్చింది. కార్డులు చదవడం రూల్సులో లేదు, అలవాటులో ఉంది. కింద సంతకం కురోసె. సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి బాబాయి తడిబట్టలతో కూర్చుని ఉన్నాడు, శాస్త్రి గారు "కురోసె వర్మణః" అంటున్నారు. చేతిలో పిండం పట్టుకున్న మనిషికి, అది ఎవరికి పెడుతున్నాడో ఆయన క్షేమంగా ఉన్నారని ఎలా చెప్పాలి? మా ట్రైనింగులో అది చెప్పలేదు. (నవ్వులు) రేపిద్దామనుకున్నాను. రేపు ధైర్యం చాల్లేదు. బతికున్న మనిషికి నలభై ఏళ్ళు తద్దినం పెట్టానని తెలిస్తే బాబాయి ఏమైపోతాడోనని భయం. డెబ్భై ఏడు ఉప్పెనలో నేను తుమ్మచెట్టు పట్టుకుని అరుస్తుంటే మెడలోతు నీళ్ళలో వచ్చి నన్ను భుజాన వేసుకున్నది ఈ బాబాయే. అలాంటి మనిషిని నా చేతులతో బాధపెట్టలేకపోయాను. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆ తద్దినం గారెలు తిన్నాను. కార్డు నా సంచీలోనే ఉండేది బాబాయ్. అయినా తిన్నాను.

రేపు మళ్ళీ మహాలయ అమావాస్య. శాస్త్రి గారి సంచీలో దర్భలు కనపడుతూనే ఉన్నాయి. నా సంచీ ఈ రోజు అయిదింటికి, నా చోటుకి వచ్చిన రత్తయ్య గారికి అప్పజెప్పాలి. ఇప్పుడు నాలుగున్నర. అందుకని ఇన్‌స్పెక్టరు గారి ఎదుటే డెలివరీ చేస్తున్నాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతాను.

"దివిసీమ వెంకట్రామయ్య కుటుంబానికి. మీవాణ్ణి నీళ్ళలోంచి తీసిన ఆ ఓడ మునగకముందే నన్ను వేరే ఓడకు మార్చారు, అందువల్ల ఇంకా ఉన్నాను. తొమ్మిదేళ్ళ క్రితం మీ సీమలో ఉప్పెన వచ్చి వేలమంది పోయారని పేపరులో చదివి, నా పుస్తకంలో ఊరి పేరు చూసుకున్నాను. మీవాడు కూడా పోయాడనుకుని అప్పటినుంచి ఏటా గుడిలో అతని పేరున దీపం వెలిగించి, అన్నం, ఒక ఎండుమిరపకాయ పెడుతున్నాను. ఇప్పుడు మా ఊళ్ళో మిరపకాయలు దొరుకుతున్నాయి."



అదండీ. ఇక్కడ ఈయన ఆయనకి పెడుతున్నాడు, అక్కడ ఆయన ఈయనకి పెడుతున్నారు. కార్డు ఇచ్చి ఉంటే రెండూ ఆగిపోయేవి. మధ్యలో నేను కూర్చున్నాను. తప్పు నాదే బాబాయ్. కొట్టాలంటే రా, మెట్లు రెండే ఉన్నాయి, మోకాళ్ళు జాగ్రత్త.

(వెంకట్రామయ్య గారు వేదిక మీదికి వచ్చి కార్డు తీసుకున్నారు.)

ఆయనకి ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయని అడుగుతున్నాడు. తొంభై అయిదు ఉండొచ్చు బాబాయ్. ఉన్నారో లేదో నాకు తెలీదు. పదకొండేళ్ళు నేనే తినేశాను. శాస్త్రి గారూ, రేపటిది ఆపమంటున్నాడండీ. నన్ను అప్పుడే సెలవు పుచ్చుకోవద్దంటున్నాడు, అయిదింటికి ఇంకా టైముంది, జవాబు రాయమంటున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు పరదేశాలకి రాసే ఏరోగ్రాము కాగితం తెప్పిస్తున్నారు, ఆయనకి నా ధన్యవాదాలు.

చెప్పు బాబాయ్, రాస్తున్నాను. అందరిలాగే మొదలుపెట్టమంటున్నాడు. "ఉభయకుశలోపరి." చదువురాని వాళ్ళకి వేల ఉత్తరాల్లో రాసిపెట్టాను ఈ మాట. ఇద్దరం క్షేమం అని రాస్తున్నానని ఇవాళే తెలిసింది.

రత్తయ్య గారూ, దీనికి జవాబు వస్తే ఒక్క పూట కూడా సంచీలో ఉంచకండి. ఎవరింట్లో ఏ తద్దినం జరుగుతున్నా సరే, లోపలికి వెళ్ళి ఇచ్చెయ్యండి. ఇన్నేళ్ళు నన్ను నమ్మిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇది డబ్బాలో వేసి వస్తాను. ఆ తర్వాతే నాకు సెలవు.