మలావీకి వెళ్లే పెట్టె

పీలమేడులోని మోటారు పంపుల వర్క్‌షాపులో, మర్నాడు మలావీలోని ఒక ఊరికి సేవకు బయలుదేరే మేనకోడలు సీలు వేసిన పెట్టెను విప్పుతోంది. మేనమామ పరుగున వచ్చాడు.

“అయ్యో అమ్మిణీ! ఆ ఊరికి నేను దానమిచ్చే పంపులు అవి!”

“వద్దు మామా. పోయిన ఏడు ఎవరో ఇచ్చినవే కాయిల్ కాలిపోయి పడుండాయంట. బాగుచేసేవాళ్లు లేరు.”

“మరి ఉత్త చేతులతో పోతావా?”

“కాయిల్ చుట్టే మిషను, రాగి తీగ ఇయ్యండి. అక్కడి ఆడవాళ్లకు నేర్పిస్తాను.”

“నీకే సరిగ్గా చుట్టను రాదే!”

ఆ మాట నిజమే. ఆమె పెట్టె వదిలి కాయిల్ చుట్టే మిషను దగ్గరికి నడిచింది.

“ఈ రాత్రికి మీరు నేర్పండి మామా.”

“ఒక్క రాత్రిలో వచ్చే పనా అది? నువ్వు ముందు పో. మిషను తీసుకుని వెనకాలే నేను వస్తాను. వీసాకి ఎన్నాళ్లు పడతాది?”