గట్టు దాటిన తెగులు

ఆమె రెండు వేరుశనగ మొక్కలు తెచ్చి, బాబాయి పురుగుమందుల కొట్టులో బల్ల మీద పడేసింది. రెండింటి ఆకుల నిండా నల్లమచ్చలే.

"ఆకుమచ్చ మళ్లీ వచ్చిందా? ఈసారి మందు రెట్టింపు కొట్టమ్మా."

"పోయినేడూ ఇదే మాట అన్నావు బాబాయ్. నాలుగేళ్లుగా అదే మందు కొట్టీ కొట్టీ తెగులుకి అలవాటైపోయింది. ఇప్పుడు మంచినీళ్లలా తాగుతోంది."

"నువ్వే సరిగ్గా కొట్టి ఉండవు."

"ఈ రెండో మొక్క నా చేలోది కాదు."

"మరెక్కడిది?"

"నా చేను పక్కనే నువ్వు బీడు పెట్టిన పొలంలోది. పాత పంటలో నేలలో మిగిలిన కాయలు వాటంతటవే మొలిచాయి. తెగులు ఏడాదంతా అక్కడే కాపురముండి, నా పైరు రాగానే గట్టు దాటుతోంది. ఒక చేత్తో తెగులు పెంచుతూ, ఇంకో చేత్తో మందు అమ్ముతావా?"

"నా పొలం, నా ఇష్టం. దున్నను."

"నువ్వు దున్నక్కర్లేదు. పొద్దున్నే నేను దున్నించేశాను. నీకు చూపించడానికి ఇదొక్కటే ఉంచాను."

"నా పొలంలో ట్రాక్టర్ దించుతావా? ఎంత ధైర్యం! పంచాయితీ పెట్టిస్తా!"

"పెట్టించు. పదిమంది ముందు నా చేలో నీ మందు నువ్వే కొట్టు. కొత్త మచ్చ రాకపోతే, గట్టు తీసేసి నా పొలం కూడా కలిపేసుకో."