వెనక సీటు మీద మేనమామ

కాన్సరుకి మందు కనిపెట్టే పరిశోధన కోసమని ఆ ఉదయం జోంబా పట్నం వెళ్ళే రోడ్డు మీద రెండొందల సైకిళ్ళు పోతున్నాయి. అన్నిటికన్నా వెనకపడ్డ సైకిలు తొక్కుతున్నవాడు లాక్సన్. మామూలు రోజుల్లో అదే సైకిలు మీద జనాన్ని ఎక్కించుకు తిప్పి బతుకుతాడు. వెనక మెత్త సీటు మీద అతని భార్య మేనమామ గ్రేషం దొరలా కూచున్నాడు.

"ఇదిగో, గుంట చూసి పోనీ. నీ సైకిలుకైతే కొత్త చక్రం దొరుకుతుంది, నా నడుముకి దొరకదు."

"చూస్తూనే ఉన్నా మామా. మీరు కాస్త కదలకుండా కూచోండి."

"కదలకుండా ఎలా కూచోను? ఆ ముసలమ్మ చెయ్యూపుతోంటే ఊపొద్దూ? ఏమమ్మా, బాగున్నారా! చూశావా, నా కొత్త చొక్కా చూసి లేచి నిలబడింది. దీని మీద ఏం రాశారోయ్?"

"కాన్సర్‌ని తరిమేద్దాం అని."

"తరిమెయ్యడానికి అదేమన్నా చేలో పడ్డ మేకా?"

"నన్నడిగితే? రాసింది వాళ్ళు."

"అదుగో, ఇంకోడు దాటిపోయాడు. ఒంటికి అతుక్కుపోయిన ఆ లాగేమిటో, నెత్తిన ఆ బుట్టేమిటో. సిగ్గుండొద్దూ?"

"వాళ్ళ సైకిలు వెనక మీలాంటి పెద్దమనిషి లేడు మామా. అందుకే దాటిపోతున్నారు."

"ఎత్తిపొడుపా?"

"అయ్యో, గౌరవం."

"సరే సరే. ఇంతకీ వీళ్ళిలా చెమటలు కక్కుకుంటూ తొక్కితే మందెలా వస్తుంది?"

"ఒక్కో కిలోమీటరుకీ ఇంత అని పెద్దపెద్దవాళ్ళు చందాలిస్తారు. దాంతో డాక్టర్లు పరిశోధన చేసి మందు కనిపెడతారు."

"కనిపెడతారు."

"ఆఁ."

"అంటే ఇంకా కనిపెట్టలేదు."

"అది కాదు మామా..."

"ఏది కాదు? నువ్వే అన్నావుగా. మందింకా వాళ్ళ దగ్గరే లేదు. లేకపోగా, మా మేనకోడలు ఎనెలెసి రొమ్ము కోస్తామంటారు. దారి తెలియనివాడి సైకిలు ఎక్కుతామా చెప్పు."

"ముందుగా కోసేస్తే బతుకుతారంటున్నారు. మందు వెతికేది ముదిరిపోయినవాళ్ళ కోసం. ఎనెలెసికి ముదరకముందే... మామా, ఆ గడ్డ మీకు మొదట చూపించినప్పుడు ఎంతుంది?"

"ఎండ అప్పుడే చురుక్కుమంటోంది."

"వేరుసెనగ గింజంత. ఇప్పుడు కోడిగుడ్డంత. మూడు నెల్లయింది."

"ఆ చెరుకు అమ్మేవాడి దగ్గర ఆపు. నోరెండిపోతోంది."

"ఆకులు కట్టించారు. కట్టించుకుంది. వేరు అరగదీసి తాగమన్నారు. తాగింది. ఒక్క రోజూ మీ మాట కాదనలేదు."

"చెరుకు దాటిపోయింది."

"మామా!"

"అరుస్తావేం? వెనకే ఉన్నాగా, ఎక్కడికీ పోలేదు."

"ఒక్కసారి ఊఁ అనండి. అంతే. కొయ్యించండి అని మీ నోటితో ఒక్కమాట. నేనింకేం అడగను."

"రోడ్డు మీద, సైకిలు మీద అడిగే మాటా ఇది?"

"ఇంట్లో అడిగితే కోళ్ళకి గింజలు చల్లాలని లేచిపోయారు. చర్చి దగ్గర అడిగితే పాట మొదలెట్టారు. సైకిలు మీదైతే లేచి ఎక్కడికి పోతారు?"

"అందుకా నన్ను తీసుకొచ్చింది! నేను ఊరి పెద్దనని, నేను కనబడితే జనానికి ధైర్యమని తియ్యగా చెప్పావు!"

"అదీ నిజమే."

"ఇల్లరికం వచ్చినవాడివి, ఇల్లరికం వచ్చినవాడిలా ఉండు. పుంజునీ పెట్టనీ మార్చుకుని పెళ్ళి ఖాయం చేసుకున్న రోజున నీకేం చెప్పారు? పిల్లకి ఏ కష్టమొచ్చినా మాట మేనమామదే అని చెప్పారా లేదా?"

"చెప్పారు. తలొంచుకుని విన్నాను. తొమ్మిదేళ్ళ నుంచీ మీ మాట జవదాటలేదు. ఇల్లు కట్టమన్నచోట కట్టా, నాటమన్నచోట మొక్కజొన్న నాటా. ఇప్పుడు మీరు మాటే ఇవ్వకపోతే నేనేం చెయ్యను? మేనమామ మాట లేకుండా కత్తి కింద పడుకోనని ఆవిడే భీష్మించుక్కూచుంది."

"నా పెంపకం."

"మీ పెంపకమే. దాంతోనే చచ్చిపోయేట్టుంది."

"నోర్ముయ్!"

"మూసుకున్నా."

"ఎత్తు వచ్చింది. దిగి నడవనా?"

"వద్దు. తొక్కుతా."

"ఆయాసపడుతున్నావు. రోజూ బస్తాలేసుకుని ఇదే ఎత్తు ఎక్కుతావు. ఇవాళేమొచ్చింది నీ కాళ్ళకి?"

"ఏం లేదు. తొక్కుతా అన్నాగా."

"అల్లుడూ."

"ఊఁ."

"నీకు తెలీదు. అప్పటికి నువ్వింకా మా ఊరు రాలేదు. మా అక్క, ఎనెలెసి తల్లి, కడుపునొప్పని మెలికలు తిరిగిపోతూంటే పెద్దాసుపత్రికి మోసుకుపోయాం. కొయ్యాలన్నారు. ఇంట్లో ఆడవాళ్ళంతా వద్దన్నారు. నేను కొయ్యమన్నాను. తెల్లచొక్కాల వాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి తెలుసన్నాను. మర్నాడు దుప్పట్లో చుట్టి ఇచ్చారు."

"విన్నాను."

"విన్నావు! శవం పక్కన నిలబడి జబ్బు కథ చెప్పాల్సింది ఎవరు? ఎప్పుడు మొదలైంది, ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు ఒప్పుకున్నారు అని అంత జనంలో పూస గుచ్చినట్టు చెప్పాల్సింది ఎవరు? నేను. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. నేనే ఒప్పుకున్నానన్నాను. ఆ రోజు నుంచి రెండేళ్ళపాటు నా చెల్లెళ్ళు నాకు కంచంలో కూడు పెట్టలేదు. ఎనెలెసి ఒక్కతే పెట్టింది. పదమూడేళ్ళ పిల్ల, తల్లిని పోగొట్టుకున్న పిల్ల, గంజి గిన్నె పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఆ పిల్లని కొయ్యమని మళ్ళీ ఈ నోటితోనే చెప్పమంటావా?"

"మామా..."

"నాకు కత్తంటే భయం లేదోయ్. ఆకుల మీద నమ్మకమూ లేదు. ఊళ్ళో అందరికీ ఉందనే అనుకోనీ. నాకు భయమల్లా ఇంకోసారి అలా నిలబడ్డమే. ఎనెలెసి శవం పక్కన. నా వల్ల కాదు. నన్ను అడగొద్దు. ఇంకెప్పుడూ అడగొద్దు."

"ఇంక అడగను మామా."

"ఏం? ఏడుస్తున్నావా? పెద్దాచిన్నా అందరూ చూస్తున్నారు, తుడుచుకో. నేను కాదన్నంత మాత్రాన ఇప్పుడే ఏమైపోతుంది? ఎనెలెసిని జోంబాలో దాని చెల్లెలింట్లో నాలుగు రోజులు ఉండి రానీ. ఆ తర్వాత చూద్దాం."

"చెల్లెలింట్లో లేదు."

"మరెక్కడుంది?"

"మామా, నన్ను కొట్టండి. తర్వాత కొట్టండి. ముందు వినండి."

"ఎక్కడుందిరా?"

"జోంబా పెద్దాసుపత్రిలో. నిన్న మధ్యాహ్నం కోశారు."

"సైకిలు ఆపు."

"ఆపితే మళ్ళీ..."

"ఆపమన్నానా!"

"ఆపా. ఆపా. పడిపోతారు, నిమ్మళంగా దిగండి."

"చెయ్యి తియ్. ఎవరు కొయ్యమన్నారు? నువ్వన్నావా? నీ మాట మీద అది పడుకుందా?"

"పడుకోలేదు. మీరు ఒప్పుకున్నారని చెప్పాను."

"ఏమని?"

"మావయ్య ఒప్పుకున్నాడని చెప్పాను. నమ్మలేదు. నిజంగానా అని మూడుసార్లు అడిగింది. ఆకులు కట్టినందుకు మావయ్య మనసు కష్టపెట్టుకోలేదు కదా అని అడిగింది. నిజంగానే ఒప్పుకున్నాడని మూడుసార్లూ చెప్పా. అప్పుడు నవ్వింది మామా. ఈ మూడు నెలల్లో మొదటిసారి. ఆ నవ్వు మొహంతోనే లోపలికెళ్ళింది."

"కాగితం? వాళ్ళు కాగితం అడుగుతారే. మా అక్కప్పుడు అడిగారు."

"అడిగారు. పెద్దవాళ్ళది వేలిముద్ర కావాలన్నారు. మా మామకి మోకాళ్ళనొప్పి, మెట్లెక్కలేడు, బయట చెట్టు కింద కూచున్నాడని చెప్పి కాగితం బయటికి తీసుకెళ్ళాను. నా వేలే వేసి తెచ్చిచ్చాను. పైన మీ పేరు వాళ్ళే రాసుకున్నారు."

"మరి ఇప్పుడు ఈ చొక్కా, ఈ ఊరేగింపు..."

"ఆసుపత్రికంటే మీరు రారు. పొద్దున్నే మీ కోసం బయల్దేరితే పోలీసులు రోడ్డు మూసేస్తున్నారు, మినీబస్సులు ఆపేశారు. నంబరున్న సైకిళ్ళనే వదుల్తామన్నారు. పేరు రాయించుకుంటే నంబరిచ్చారు, చొక్కా ఇచ్చారు. అంతే మామా. మీరు ఊఁ అంటే ఈ పాడుపని మీకు చెప్పకుండా కడుపులోనే దాచుకుందామనుకున్నా. మీరు అనలేదు."

"అంత తొందరపెట్టి నన్నెందుకు తీసుకుపోతున్నావు? కోసెయ్యడం అయిపోయిందిగా."

"పదండి మామా, ఆలస్యమవుతోంది."

"లాక్సన్. ఎందుకు?"

"ఇంకా కళ్ళు తెరవలేదు."

"ఏమిటీ?"

"రాత్రికి లేస్తుందన్నారు. లేవలేదు. రక్తం బాగా పోయిందట. తెల్లారేసరికి నర్సమ్మ వచ్చి, చెట్టు కింద కూచున్న ఆ పెద్దాయన్ని లోపలికి పిలు, ఆయనతో మాట్లాడాలంది. పిలుచుకొస్తానని చెప్పి వచ్చేశాను."

"ఊపిరుందా?"

"ఉంది. చెయ్యి వెచ్చగానే ఉంది. నేను పట్టుకుని చూశా. మామా, నన్ను తిట్టండి. ఊళ్ళోకి రానివ్వకండి. ఏదైనా అయితే జబ్బు కథ నేనే చెప్తా. మేనమామని మోసం చేశాడని, దొంగ వేలు వేశాడని, పెళ్ళాన్ని చంపుకున్నాడని అందరి ముందూ నేనే చెప్పుకుంటా. మీ మీదికి మాట రానివ్వను. ఒక్కసారి వచ్చి దాని పక్కన కూచోండి చాలు. మీ గొంతు వింటే లేస్తుందేమో అని నా ఆశ."

"నిన్న పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"ఏంటి మామా?"

"ఇందాక ఎత్తెక్కలేకపోయావు. తిన్నావా లేదా?"

"లేదు."

"ఈ సంచిలో చిలగడదుంపలున్నాయి. యాత్రలో తిందామని మీ అత్త కట్టింది. ఒకటి నోట్లో వేసుకో. నమిలి మింగు, అలా చూడకు. ఈ మిగతా ఎత్తు నడిచి ఎక్కుదాం, సైకిలు నెట్టుకురా. పైకెళ్ళాక ఎక్కుతా. అంతా దిగుడేగా."

"వస్తారా మామా?"

"వినూ. నువ్వు వేలు వేశావన్న సంగతి ఇక్కడే, ఈ రోడ్డు మీదే వదిలెయ్. మీ అమ్మకి చెప్పకు, చర్చిలో అయ్యగారికి చెప్పకు, దానికీ చెప్పకు."

"మరి ఊళ్ళో అడిగితే? ఒకవేళ..."

"ఎవరడిగినా నేను చెప్తా. పిల్ల లేచినా, లేవకపోయినా, ఆ వేలు నాది."