సైటు లేని కళ్లజోడు

అదే కదండీ నేనూ అడిగేది! పిల్లని తీసుకొస్తేనే చూస్తాం అంటారు. పోయిన వారం రాలేదు కాబట్టి మళ్లీ వరసలో చివరికి వెళ్లమంటారు. బయట కూర్చున్న అమ్మాయిని అనడం లేదు, రూలు చెప్పింది, ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ మేడం, రాలేదంటే ఎలా? మేం వచ్చాం. ఈ బిల్డింగు దాకా వచ్చాం. ఈ మెట్ల కింద దాకా వచ్చాం.

లేదండీ, కూర్చోను. కూర్చుంటే లేవను నేను. మీకు భోజనం వేళయింది, డబ్బా మూత కూడా తీసి పెట్టుకున్నారు. మీరు తినండి, నేను చెప్తాను. మీరు తింటూ వింటే నాకే సుఖం, మొహంలోకి చూస్తూ చెప్పక్కర్లేదు.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. స్కూలంటే ఏదో అనుకునేరు, ఒక్క కారు, ఒక్క మాస్టారు, ఆ మాస్టార్ని కూడా నేనే. కారు నెత్తిన పసుపుపచ్చ బోర్డు. రెండు పక్కలా నా పేరే, స్కూలు పేరుగా. వెనకద్దం మీద నా ఫోన్ నంబరు. ఈ ఊళ్లో సగం మంది నా పక్కన కూర్చునే క్లచ్చు తొక్కడం నేర్చుకున్నారు. ఏ సందులో ఆగినా ఎవరో ఒకరు ‘మాస్టారూ’ అని చెయ్యూపుతారు. ఇన్నాళ్లూ అదో గొప్పగా ఉండేది నాకు. ఇప్పుడు ఆ బోర్డు పీకి అవతల పారేద్దామనిపిస్తోంది.

మా పిట్ట గురించి కదా, వస్తున్నా. అసలు పేరు మీ దగ్గరుంటుంది, ఇంట్లో మాత్రం పిట్టే. పదిహేనేళ్లు. ఒట్టి వాగుడుకాయ. వాగుడుకాయగా ఉండేది అనాలేమో. పోయిన ఏడాది నుంచి మాట తగ్గింది. ఆ తర్వాత తిండి తగ్గింది. స్కూలంటే ఓ రోజు కడుపునొప్పి, ఓ రోజు తలనొప్పి. ఒకరోజు జడ వేస్తూ మా ఆవిడ నన్ను కేకేసింది, ఇటొచ్చి చూడండి అని. కుడి చెవి వెనక నాణెమంత మేర వెంట్రుకే లేదు. ఊడిపోయింది కాదు మేడం. ఒక్కొక్కటీ పీక్కుంది.

మా ఆవిడ తలనూనె మార్చింది. మా అమ్మేమో వయసొస్తోంది కదా, ఒంట్లో వేడి అంది. నేనా? ఎదిగే పిల్లలకి ఇవన్నీ మామూలే అన్నాను, పేపరు మడిచి పెట్టుకుంటూ.

కానీ అది తనంతట తనే అడిగింది. ఈ మాట మీరు రాసుకోవాలి. ఓ సాయంత్రం నేను కారు కడుగుతుంటే వచ్చి, తలుపు తీసి లోపల కూర్చుంది. చిన్నప్పుడు అలాగే కూర్చుని, మాస్టారి వైపు ఉండే రెండో బ్రేకు తొక్కి నన్ను ఆటపట్టించేది. ఆ రోజు ఆటేం లేదు. తల దించుకుని, “నాన్నా, నాకు లోపల ఏదో బాగాలేదు. ఎవరికైనా చూపించవా?” అంది.

పెద్దవాళ్లం మనం అడగగలమా ఆ మాట? నేనైతే అడగలేను. అది అడిగింది. వాళ్లమ్మని కాదు, నన్నడిగింది. చూపిస్తానమ్మా అన్నాను.

ఇంకేముంది, కాళ్లరిగేలా తిరిగాను. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గారు పెద్దవాళ్లనే చూస్తారట. పిల్లల డాక్టరు గారు ఒంటికొచ్చిన జబ్బులే చూస్తారట. ఒకరి గదిలోంచి ఇంకొకరి గదికి పంపారు, అక్కణ్ణుంచి మళ్లీ మొదటాయన దగ్గరికే పంపారు. ఇంకో చోట పన్నెండేళ్ల లోపు పిల్లలకే అన్నారు. ఇంకో చోట పద్దెనిమిది నిండాలన్నారు. మరి మధ్యలో పిల్లలేం చెయ్యాలండీ? పద్దెనిమిది వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చోవాలా?

స్కూల్లోనా? ఉందండీ, కౌన్సెలింగ్ గది అని తలుపు మీద రాసే ఉంది. తీసి చూస్తే లోపల బంతులు, నెట్లు, విరిగిన బల్లలు. ఆ టీచరమ్మ బదిలీ మీద వెళ్లి చాలా కాలమైందట, గది ఊరికే ఎందుకని సామాను పెట్టుకున్నారు. ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే జ్ఞాపకశక్తి పెంచే కోర్సు అన్నాడు. మర్చిపోవాల్సినవి మర్చిపోయే కోర్సేమైనా ఉందా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

నలుగురిని వాకబు చెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఎవరిని చెయ్యను? నలుగురూ నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య, కారద్దాలు ఎత్తుకుని, లోపల చెమటలు కక్కుతూ గుసగుసగా ఫోన్లు చేసేవాణ్ణి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే తట్టుకోలేదు, ముందు చూపించి తర్వాత చెబుదాంలే అనుకున్నాను. అలా వెతగ్గా వెతగ్గా, ఈ వయసు పిల్లల మనసు చూసే డాక్టరని మీరు దొరికారు. కింద కళ్లజోళ్ల షాపు, పైన మీరు. రెండు నెలలు ఆగమన్నారు.

ఆగాం. ఇదిగో వచ్చే నెల, ఇదిగో వచ్చే వారం అంటూ దానికి చెప్పుకుంటూ వచ్చాను. అది తలూపేది, అంతే. ఆ రోజొచ్చేసరికి పొద్దున్నే లేచి స్నానం చేసి, ఎవరూ చెప్పకుండా జడ వేసుకుంది. మీతో ఏం చెప్పాలో అనుకుంటోంది కాబోలు, దారిలో పెదాలు కదుపుతూ కూర్చుంది. అడిగితే ఆపేస్తుందేమోనని అడగలేదు నేను.

ఇక్కడే, మెట్ల దగ్గర, కారాపి దిగాం. అది ముందు, నేను వెనక. మొదటి మెట్టు మీద కాలు కూడా పెట్టింది. అంతలో వెనక నుంచి ‘మాస్టారూ’ అని వినపడింది.

ఎవరనుకున్నారు? దాని స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు! ఆవిడ నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు లెండి, రోజూ పొద్దున్నే. చాలా మంచావిడ. ఆ మంచితనమే కొంప ముంచింది. మందుల షాపులోంచి వస్తూ కారు బోర్డు చూసి రోడ్డు దాటి మరీ వచ్చారు. తండ్రీ కూతుళ్లు ఎక్కడికి, ఏమ్మా ఒంట్లో ఎలా ఉంది, స్కూలుకి రావడం లేదేం, అన్నీ ఒక్క గుక్కలో అడిగారు. తల పైకెత్తితే మీ బోర్డు. పక్కకి తిప్పితే కళ్లజోళ్ల బోర్డు.

కళ్లు చూపిద్దామని వచ్చాం మేడం అన్నాను.

మీ దగ్గరికని చెబితే ఏమయ్యేది అంటారా? ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం రేపు క్లాసులో అందరూ దాన్ని ఎలా చూస్తారో అన్నదొక్కటే నా కళ్లముందు ఆడింది. దాన్నా, నన్నా, ఏమో. రెండూ అనుకోండి.

పిట్ట నావైపు చూసింది. ఒక్కసారే. చూసి, మెట్టు మీంచి కాలు తీసేసింది. తీసేసి, ఆవిడ వైపు తిరిగి, “అవును టీచర్, బోర్డు మీద అక్షరాలు సరిగ్గా కనిపించడం లేదు” అంది.

నా అబద్ధానికి అది సాయం పట్టింది మేడం. అంత చక్కగా, తడుముకోకుండా.

ఆ మాటతోనన్నా తెలివి తెచ్చుకోవాలా వద్దా నేను? ఆవిడ వెళ్లిపోతే పైకి వద్దామనుకున్నాను. ఆవిడ వెళితే కదా! ఫ్రేము నేను ఎంచుతాను పదండి, మగవాళ్లకేం తెలుస్తుంది అని మా ముందే షాపులోకి నడిచారు. లోపల చీకటి గదిలో దాన్ని కూర్చోబెట్టి అక్షరాలు చదవమన్నాడు షాపాయన. చదివింది. అన్ని వరసలూ చదివింది, అడుగున చీమ తలకాయంత ఉంటాయే, అవి కూడా. నేను తెర పక్కన నిలబడి వింటున్నాను. పైన మీ గదిలో కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినపడుతోంది. మీరే అయ్యుంటారు, మా కోసం చూస్తూ. జేబులో ఫోన్ మోగింది. బయటి అమ్మాయే చేసింది. కట్ చేశాను.

షాపాయన బయటికొచ్చి కళ్లు నిక్షేపంలా ఉన్నాయి, సైటేం లేదు అన్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు అటు అద్దంలో ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటున్నారు, వినలేదు. నేను చెవిలో చెప్పాను, ఉత్త అద్దాలు వేసివ్వు నాయనా, ఏమీ అడక్కు అని. వాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్లి వేసిచ్చాడు.

అలా మీరు ఎదురుచూసిన గంటా కింద కళ్లజోడు కొనడానికి సరిపోయింది.

ఇక ఇంటికెళ్లాక చూడాలి. మా ఆవిడ దాని మొహం చూసి, అయ్యో, కళ్లా, ఇన్నాళ్లూ కళ్లేనా అని ఒకటే ఏడుపు. సంతోషంతో ఏడుపు. అందుకే తలనొప్పి, అందుకే చదువు మీద మనసు పోలేదు, అందుకే చిరాకుతో జుట్టు పీక్కుంది, అన్నీ తనే కలుపుకుంది. మా అమ్మకి కూడా సరిగ్గా కుదిరింది, దాని నాన్నకీ, అంటే నాకూ, సైటే కదా అంది. ఇద్దరూ అంత కుదుటపడిపోతే నేనేం చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు మా ఆవిడ పాట పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. ఎన్నాళ్లయిందో ఆ పాట విని.

స్కూల్లో ఇంకో వేడుక. హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని ముందు బెంచీకి మార్పించారు. పాపం చూపు ఆనక మార్కులు తగ్గాయి, ఎవరూ ఏమీ అనకండి అని టీచర్లందరికీ చెప్పారట. రోజూ పొద్దున్న స్టీరింగ్ పట్టుకుని నాతో అంటారు, నా సెలక్షన్ ఎలా ఉంది మాస్టారూ, పిల్ల ఎంత మారిందో చూశారా అని. నేను పక్కనే కూర్చుని, గేరు మార్చండి మేడం, గేరు మార్చండి అంటాను. ఆ కారులోంచి దూకి ఎక్కడికన్నా పారిపోవాలనిపిస్తుంది. ఎక్కడికి పారిపోతాను, నా పేరే రాసుంది దాని మీద.

మారిన మాట నిజమే మేడం. అదే నా భయం. స్కూలుకి వెళుతోంది. పెట్టింది తింటోంది. పొద్దున్న లేస్తూనే ఆ కళ్లజోడు పెట్టుకుంటోంది. స్నానానికి వెళ్లేటప్పుడు తీసి, రాగానే మళ్లీ పెట్టుకుంటోంది. అందరినీ చూసి నవ్వుతోంది. దాంట్లో ఏమీ లేదని తెలిసింది షాపాయనకీ, నాకూ, దానికీ.

తగ్గిందేమో అంటారా? తగ్గలేదండీ. నిన్న స్కూలు నుంచి తీసుకొస్తూ చూశాను. జోడు సవరించుకోవడానికి జుట్టు పక్కకి తీసింది. ఆ చెవి వెనక నాణెం కాస్తా అరచెయ్యంత అయింది.

కారు పక్కకి తీసి ఆపాను. పిట్టా, మళ్లీ వెళ్దామా, ఆ పై మేడకి, ఈసారి ఎవరు పిలిచినా ఆగొద్దు అన్నాను. అది నా చెయ్యి మీద చెయ్యి వేసింది. “వద్దు నాన్నా. నాకు తగ్గిపోయింది. నువ్వు దిగులు పెట్టుకోకు” అంది.

నేనేమన్నానో అడగరేం?

అమ్మయ్య అన్నాను. పైకే అన్నాను. అంతా తెలిసిన నేను, కళ్లారా అప్పుడే చూసిన నేను. చూపించమని నన్నడిగిన పిల్ల, ఇప్పుడు నన్ను ఓదారుస్తోంది. మా ఆవిడకి ఇచ్చే నవ్వే నాకూ ఇచ్చింది, నేను తీసుకున్నాను. తీసుకుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తారీఖు ఇస్తారా? ఇవ్వండి, ఎప్పుడైనా సరే. అది వస్తుందా అంటే ఏం చెప్పను? రమ్మని గట్టిగా అనడానికి నా నోరు ఆడాలి కదా. మీరు డబ్బా మూసేశారేం మేడం? తినండి.

నిన్న రాత్రి చాలా నెలల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను నేను. పొద్దున్న మా ఆవిడ చెప్పింది, తెల్లవార్లూ దాని గదిలో లైటు వెలుగుతూనే ఉందట. అద్దాలొచ్చాక ఎంత బాగా చదువుతోందో చూశారా అని మురిసిపోయింది. అవును, బాగా చదువుతోంది అన్నాను.