సజెషన్‌లో కొట్టేసిన ప్రశ్న

పధ్నాలుగు మంది, టుసీ! పధ్నాలుగు మంది ఈ చాప మీదే కూర్చుని చదివారు. పన్నెండో తరగతి ఫలితాలొచ్చి తొమ్మిది రోజులైంది. ఒక్కతైనా ఈ గడప తొక్కిందా? ఆ బుల్టీ అయితే మరీనూ! రిక్షా అతని చేతికి సరపురియా మిఠాయి పొట్లమిచ్చి, "దీదీమణికి ఇచ్చెయ్" అందట. రిక్షాలో తనూ ఉందే! దిగి పంతులమ్మకి తనే ఇస్తే అరిగిపోతుందా?

నువ్వేమిటే, గుమ్మంలోనే నిలబడ్డావు? రా లోపలికి. ఆ జుట్టు చూడు, నీళ్ళు కారుతున్నాయి. సంచీలో ఏమిటి, పుస్తకాలా? మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడదామనా?

సరే, కూర్చో. బొరుగుల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపాను, తిను. తినవా? సరేలే.

నాలుగు మార్కుల్లో పోయిందటగా చరిత్ర. మీ నాన్న కనబడ్డాడు బజార్లో. నర్సు ట్రైనింగు యూనిఫాంకని దర్జీకి కొలతలు కూడా ఇచ్చేశావట. ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేశారట. అన్నీ చెప్పాడు పాపం. "దీదీమణి ఏం చేస్తారు, దీని తలరాత" అన్నాడు. నేను వంకాయలు ఏరుతున్నట్టు తల దించుకునే ఉన్నాను.

ఊళ్ళో ఏమంటారు? కృష్ణనగర్‌లో చరిత్ర పరీక్షంటే నీహార్ దీదీమణి సజెషనే అంటారు, అవునా? ఇవే వస్తాయని నేను పన్నెండు వ్యాస ప్రశ్నలు రాసిస్తే, పరీక్షలో తొమ్మిదైనా పడతాయంటారు. అదేమైనా మంత్రమా? పంతొమ్మిదేళ్ళ పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటాను, అంతే. సిపాయీల తిరుగుబాటు నిరుడు అడిగారా, ఈ ఏడు అడగరు. ఏదైనా మూడేళ్ళు రాలేదంటే, దాని వంతొచ్చిందన్నమాట.

స్వదేశీ ఉద్యమం మూడేళ్ళుగా రాలేదు.

నువ్వడిగావు కూడానూ. ఫిబ్రవరిలో, అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోతుంటే వెనక్కొచ్చి, "దీదీమణీ, స్వదేశీ ఉద్యమం లేదేం సజెషన్‌లో? చదవనా?" అన్నావు. నేనేమన్నాను? "అక్కర్లేదే. నేను చెబుతున్నాగా, ఈసారి రాదు" అన్నాను. మిగతా గడుగ్గాయిలు నా దగ్గర తలలూపి, ఇంటికెళ్ళి దాన్నీ బట్టీ పట్టారు. నా మాట నమ్మి వదిలేసింది నువ్వొక్కదానివే.

వచ్చింది. మొదటి ప్రశ్నే! పదిహేను మార్కులు.

ఏమిటీ? ఎవరికైనా లెక్క తప్పుతుందంటావా? నన్ను నువ్వు ఓదారుస్తున్నావా, పిచ్చిపిల్లా? ఊరంతా అదే అంటోందిలే, దీదీమణికి వయసైపోయింది, చత్వారం వచ్చింది అని. నేనూ ఔనౌనంటున్నాను.

కాదే. లెక్క తప్పలేదు. ఇదిగో, చూడు ఈ చిత్తుకాగితం. నా రాతేగా? మొదట ఏముంది, చదువు. ఆ, అదే, స్వదేశీ ఉద్యమం. దాని మీద అడ్డగీత ఎవరు కొట్టారు? నేనే.

అలా చూడకే. చెప్పనీ నన్ను.

ఏడేళ్ళ కిందట శిఖా అని ఒక పిల్ల తప్పింది. అది నిజంగానే తప్పింది, అందులో నా పాపమేం లేదు. మళ్ళీ రాయడానికని ఏడాదంతా ఒక్కతే వచ్చేది, మధ్యాహ్నాలు. కాసేపు చదివేది. కాసేపు నాచేత జడ వేయించుకునేది. చేపల పులుసులో ఉప్పెక్కువైందని మూతి ముడిచేది. నాకు వంక పెట్టేవాళ్ళెవరున్నారే? మా అమ్మ పోయాక ఈ ఇంట్లో రెండో కంచం పెట్టింది ఆ ఒక్క ఏడే. తర్వాత పాసైంది, ఆసన్‌సోల్ వెళ్ళింది, రెండు ఉత్తరాలు రాసింది. అయిపోయింది.

మీరందరూ అంతేగా! నేను బాగా చెబితే పాసవుతారు. పాసైతే వెళ్ళిపోతారు. మళ్ళీ జూలైలో కొత్త మొహాలు, మళ్ళీ మార్చికి ఖాళీ చాప. ఇదేం బతుకే?

ఆ రోజు సజెషన్ రాస్తుంటే అనిపించింది, ఎవరో ఒకరు ఆగిపోతే బాగుండునని. ఒక్కరు చాలని. నువ్వని అనుకోలేదు, నీ మీద ఒట్టు. కానీ నువ్వొచ్చి అడిగినప్పుడు? అప్పుడు తెలుసుగా నాకు? తెలిసే "రాదు" అన్నాను.

సంచీ సర్దుకుంటున్నావా? సర్దుకో. కోర్టు వీధిలో బిమల్ మాస్టారున్నాడు, బాగానే చెబుతాడు, కాస్త గొణుగుతాడంతే. ఈ పాత పేపర్లూ పట్టుకెళ్ళు. నాకెందుకిక? మీ నాన్నతో అంతా చెప్పు. తిట్టడానికైనా సరే, ఒకసారి రమ్మను.

ఏమన్నావు? గట్టిగా అను. నువ్వీవేళ రాకపోతే చెప్పేదాన్నా అనా?

చెప్పేదాన్ని కాదు. ఎవరికి చెప్పను, గోడలకా?

ఆగు, ఇంకొకటుంది, అదీ విని వెళ్ళు. ఇందాక గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. వానలో నువ్వు, చంకలో సంచీ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నాకవన్నీ కనబడ్డాయి టుసీ, నీ ఏడాది పోయిందనీ తెలుసు. అయినా ఎంత సంతోషమేసిందో! పరుగున వచ్చి తలుపు తీశాను.