అరవై లెక్కపెట్టే దాకా

అందరికీ అలోహా. లెహువా ఆంటీ, కొండ మీద పనిచేసే అన్నలూ అక్కలూ, ఇంత వానలోనూ వచ్చిన మా హిలో ఊరివాళ్లారా, ఈ హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అయినా ఒక కుర్చీ ఖాళీ. పాలకికో అంకుల్ లేరు. ఆదివారం మా ఆంటీ, ఆయన ఇల్లాలు, వండింది కడుపునిండా భోంచేసి, వరండాలో కునుకు తీస్తూ వెళ్లిపోయారు. ఆయనకు తగ్గట్టే, హడావిడి లేకుండా.

నా పేరు కవేహి. మౌనా కియా కొండ మీది టెలిస్కోపు దగ్గర ఆయన చేతికింద పని నేర్చుకున్న చివరి విద్యార్థిని. నలభై ఏళ్లు ఆ టెలిస్కోపులోని పెద్ద అద్దాన్ని ఆయన కాపాడారు. ఎవరి నుంచి? మన కొండల నుంచే.

పొరుగు కొండ నిప్పులు కక్కిన వారం అద్దం మీద బూడిద పడింది. మా పెద్ద శాస్త్రవేత్త, డాక్టరు గారు, తుడుద్దామని గుడ్డతో వచ్చారు. అంకుల్ ఆ గుడ్డ లాక్కుని, దాని మీద కూర్చున్నారు. "అది బూడిద కాదండీ డాక్టరు గారూ, గాజుపొడి. తుడిచారంటే ఇక నక్షత్రాలుండవు, గీతలే." తర్వాత నీళ్లు ధారగా వదిలి, ఒక్క గీత పడకుండా కడిగారు. ఆ డాక్టరు గారే మూడో వరసలో నవ్వుతున్నారు, చూడండి.

ఆయనకో నియమం. భూమి కంపించి ఆగాక, ఇనుప స్తంభం మీద అరచేతులు ఆనించి అరవై లెక్కపెట్టాలి. అందాకా ఎవరూ అడుగు కదపకూడదు. కొండ నాడి చూస్తున్నారా అని మేం ఆటపట్టించేవాళ్లం. "దానికి మీకంటే ఓపిక ఎక్కువ" అనేవారు.

మొన్న మార్చిలో, పొద్దున పదింటికి, భూమి కంపించింది. అద్దాన్ని పట్టి ఉంచే దిమ్మ ఒకటి పక్కకు జరిగింది. నేను దాని వైపు పరుగెత్తబోయాను. ఆయన నా జాకెట్టు వెనక పట్టుకుని ఆపారు.

"ఆగవే పిల్లా. అద్దమైతే ఇంకోటి పోత పోయిస్తాం. మీ అమ్మకి ఇంకో కవేహిని ఎక్కడ పోయించను?"

లెక్క మొదలైంది. నలభై దగ్గర భూమి మళ్లీ ఊగింది. పైనున్న క్రేన్ కొక్కెం ఊడి, ఆ దిమ్మ పక్కనే పడింది. నేను ఉండాల్సిన చోట. ఆయన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. అరవై అయ్యాక, "ఇప్పుడు పద, మెల్లగా" అన్నారు. అద్దానికి ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు.

ఏం చెప్పను? మిగతాది మీ ముందే నిలబడి ఉంది.

ఇక అందరం లేద్దాం. ముందున్న కుర్చీ మీద అరచేతులు ఆనించండి. ఈసారి మనమే లెక్కపెట్టాలి, మనసులో. అరవై దాకా ఎవరూ కదలకండి.